ఎడమ వెనక మూల

మురాకామి, నీగాత జిల్లా
9 డిసెంబరు 1990

మిత్సూ,

పెన్సిలుతో రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. వెల్లకిలా పడుకుని రాస్తుంటే పెన్నులో సిరా దిగడం లేదు. ఎడమ కాలు తొడ దాకా ప్లాస్టర్‌లో ఉంది. అన్నయ్య దుకాణం వెనక గది ఖాళీ చేసి నాకిచ్చాడు. ఖాళీ చేశాడంటే మనుషులకి మాత్రమే. ఇది సాల్మన్ కాలం గదా, ఉప్పు పట్టించిన చేపలు దూలాలనిండా తలకిందులుగా వేలాడుతున్నాయి. పొద్దున కళ్ళు తెరిస్తే నూట ముప్ఫై నోళ్ళు నా మీదికే తెరుచుకుని ఉంటాయి. వాటికి నేనే కొత్త వింతనని వదిన అంటుంది.

ఆపరేషన్ చేసిన డాక్టరు ఆరు నెలలకి పరుగు, తొమ్మిది నెలలకి ఆట అన్నాడు. అంటే సెప్టెంబరు. బార్సిలోనాకి లెక్కలోకి వచ్చే పోటీలు వసంతంలో మొదలై మరుసటి వసంతం దాకా నడుస్తాయి. సగం పోయినా సగం మిగులుతాయి. మన బ్యాడ్మింటన్ ఒలింపిక్స్‌లోకి రావడం ఇదే మొదటిసారి. మనకిద్దరికీ ఇరవయ్యారు. నాలుగేళ్ళ తర్వాతిది మనది కాదు.

ఆ సెమీఫైనల్ మాటిమాటికీ గుర్తొస్తోంది. రెండో గేమ్, తొమ్మిది ఏడు. ఎవరో మడమ మీద ఫెడీమని తన్నినట్టయింది. నువ్వే అనుకుని, "ఎందుకే తన్నావ్" అని నిన్ను అడిగానట కూడా. నువ్వేమో నాలుగడుగుల అవతల నిలబడి ఉన్నావు. నరం తెగితే అలాగే అనిపిస్తుందట.

అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని "నీ పక్కన తప్ప ఇంకెవరి పక్కనా నిలబడను" అన్నావు. ఆ మాటకి నిన్ను కట్టేయను. జంట ఆట ఒంటరిగా ఆడలేవు గదా. కోచ్ సెనో గారు ఎవరితో ఆడమంటే వాళ్ళతో ఆడు. సెప్టెంబరులో నా చోటు నాకిచ్చెయ్యి, చాలు.

నీ భుజం ఎలా ఉంది? కోచ్ దగ్గర నవ్వుతూ దాచుకో, నాకు మాత్రం నిజం రాయి.

కజుయే

*

కురాషికి, మిల్లు హాస్టల్
27 డిసెంబరు 1990

కజూ,

నీ చేపల సంగతి భోజనాల దగ్గర చదివి వినిపించాను. వంటావిడ నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది. నీకోసం ఎండబెట్టిన ఎర్ర చిక్కుడు గింజలు పొట్లం కట్టి ఇచ్చింది, దీనితో పంపుతున్నాను.

సెనో గారు నాకు ఎవర్ని అంటగట్టారో తెలుసా? ఆయాబెని. అదే, పోయిన వసంతంలో హైస్కూలు నుంచి వచ్చి మిల్లు జట్టులో చేరిన పంతొమ్మిదేళ్ళ పిల్ల, షూ లేసులు రెండు పక్కలా కొలిచి కట్టుకునేది. షటిల్ నెట్‌కి తగిలితే "క్షమించండి" అంటుంది. బయట పడితే అంటుంది. నిన్న పాయింటు గెలిచి కూడా అంది. "ఇది బ్యాడ్మింటనా, సంతాప సభా" అన్నారు సెనో గారు. దానికి ఆయనకీ క్షమాపణ చెప్పింది. దెబ్బలో బలం మాత్రం ఉంది, అది ఒప్పుకోవాలి.

నిజం రాయమన్నావు గనక రాస్తున్నాను. భుజం బాగాలేదు. ఆఫీసులో ఫైలు పై అరలో పెట్టాలంటే ఎడమ చెయ్యి వాడుతున్నాను. మిల్లుకి సంబంధం లేని ఒక డాక్టరు దగ్గరికి ఒకాయామా వెళ్ళి సూది వేయించుకుంటున్నాను. ఫోర్‌హ్యాండ్‌తో కొట్టినప్పుడు ఓర్చుకోగలను. ఎడమ వెనక మూలలో ఎత్తుగా పడితే వెన్ను తిప్పి కొట్టాలి చూడు, అక్కడ మాత్రం చెయ్యి లేవదు. ఆ మూల ఇన్నాళ్ళూ నువ్వు చూసుకునేదానివి. ఎందుకు చూసుకుంటున్నావో నేనెప్పుడూ అడగలేదు, నువ్వూ చెప్పలేదు. ఇప్పుడు కాళ్ళు చురుగ్గా ఉన్నంతసేపూ చుట్టూ తిరిగి నెట్టుకొస్తున్నాను. ఆయాబెకి తెలియదు. సెనో గారికి అసలే తెలియదు. నీకొక్కదానికే తెలుసు.

నీ లాకర్ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. త్వరగా రా. ఇంకొన్నాళ్ళు ఈ క్షమాపణలు వింటే నేనే ఎవరినో ఒకరిని కొట్టేస్తాను.

మిత్సుయో

*

మురాకామి
20 ఫిబ్రవరి 1991

మిత్సూ,

ప్లాస్టర్ తీసేశారు. నా పిక్క చూసి నాకే జాలేసింది, ముల్లంగిలా తెల్లగా సన్నగా ఉంది. ఊతకర్ర వదిలి వారమైంది. పొద్దున్నే నది గట్టు మీద మంచులో నడుస్తున్నాను. జారితే మళ్ళీ మొదటికొస్తుందని వదిన వెనకాలే వస్తుంది, దారంతా తిడుతూ. తనకి చలి పడదు. అయినా ఒక్క రోజూ మానలేదు.

ఇక్కడి ఆసుపత్రివాళ్ళు నా రిపోర్టు పోయిన నెల సెనో గారికి పంపారు. దానికి ఆయన "తొందరపడకు, ఒళ్ళు ముఖ్యం" అని కార్డు రాశారు. తొమ్మిదేళ్ళలో ఆయన నోట ఒళ్ళు ముఖ్యమనే మాట ఎప్పుడైనా విన్నామా? జ్వరంతో ఉంటే, నిలబడగలవు గదా, రెండొందల సర్వీసులు చెయ్యి అనే మనిషి. ఆ కార్డు చదివి సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

నీ జనవరి ఉత్తరం సగం పేజీ. అందులో సగం వాతావరణం. నువ్వు వాతావరణం గురించి రాశావంటే ఏదో నసుగుతున్నావని అర్థం. భుజమేనా? లేక ఆ పిల్లతో గొడవా?

పోటీలకి పేర్లు నమోదు చేయడం ఈ నెలాఖరుకి గదా. శరత్కాలం పోటీలకి జంటగా మన పేర్లు వెళ్ళాయా? ఒక్క మాట రాయి. అది తెలిస్తే పొద్దున్నే ఆ గట్టు మీద నడవడం సుఖంగా ఉంటుంది.

కజుయే

*

కురాషికి
5 మార్చి 1991

కజూ,

పని ఎక్కువగా ఉంది, కోపగించుకోకు. కాగితాలన్నీ సెనో గారి దగ్గరున్నాయి, ఆయన చూసుకుంటారు. అవన్నీ బుర్రలో పెట్టుకోకు. నీ కాలు సంగతి నువ్వు చూసుకో.

కిబి దాంగో తీపి ఉండలు ఒక పెట్టె పంపుతున్నాను. మీ అన్నయ్య పిల్లలు తీపి ఇష్టపడతారన్నావు గదా.

ఇక్కడ ప్లమ్ చెట్లు పూశాయి. ఆయాబె క్షమాపణలు కొంచెం తగ్గించింది.

మిత్సుయో

*

మురాకామి
18 మే 1991

మిత్సుయో,

నిన్న నది గట్టు మీద ఆగకుండా మూడు కిలోమీటర్లు పరుగెత్తాను. ఆ కబురు నీకు రాద్దామని కాగితం తీసుకుని కూర్చున్నాను. అప్పుడే అన్నయ్య బ్యాడ్మింటన్ పత్రిక తెచ్చి నా ముందు పెట్టి దుకాణంలోకి వెళ్ళిపోయాడు.

ఫొటో బాగా వచ్చింది. నువ్వూ ఆయాబే కొత్త చొక్కాల్లో ఉన్నారు. ఆ పిల్ల నవ్వుతోంది. కింద ఏం రాశారో నువ్వు చదివే ఉంటావు, అయినా రాస్తాను: "ఫిబ్రవరిలో కునితోమి మిత్సుయో స్వయంగా కోరడంతో ఏర్పడిన జంట. బార్సిలోనాయే లక్ష్యం."

పత్రికలవాళ్ళు ఏదో ఒకటి కల్పిస్తారనుకున్నాను. అది తేలాలని సెనో గారికి ఫోన్ చేశాను. ఆయన అన్నారు, "కునితోమి నీకు రాయలేదా? తనే చెప్తానంది. ఆ మాట మీద నేను ఊరుకున్నాను."

హాస్టల్ వార్డెన్‌తో కూడా మాట్లాడాను. నా లాకర్ ఏప్రిల్ నుంచి కొత్తగా చేరిన అమ్మాయిదట. నా సామాను మెట్ల కింద పెట్టెలో ఉందట. జట్టులో నా పేరు తీసేసి, సరుకు పంపే విభాగంలో పూర్తి రోజు గుమాస్తాగా రాశారట. పాపం ఆవిడ నాకు ఇదంతా తెలుసనుకుని, కొత్త కుర్చీ మెత్తగా ఉంటుందని ఓదార్చింది.

ఫిబ్రవరిలో జంట మారింది. మార్చి అయిదున నువ్వు తీపి ఉండలు పంపావు. ఆ పెట్టె కడుతున్నప్పుడు నీకు తెలుసు. ప్లమ్ పూల గురించి రాస్తున్నప్పుడు తెలుసు. మూడు నెలలుగా నేను మంచులో నడుస్తుంటే, చలి పడని మనిషి నా వెనక నడుస్తుంటే, ఇక నాకు లేని చోటుకి మేమిద్దరం నడుస్తున్నామని నీకు తెలుసు.

నువ్వు నన్ను కాదనుకోవడం నాకు అర్థం కాని సంగతి కాదు. నా కాలి నరం తెగింది, నీకు వయసు మించిపోతోంది. చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, నిన్ను తిట్టేదాన్ని, నెల తిరిగేసరికి ఇంకో జట్టు వెతుక్కునేదాన్ని. పెద్ద జట్లన్నీ మార్చిలోనే మనుషుల్ని తీసుకుంటాయి. ఆ మార్చిని నువ్వు నాకు లేకుండా చేశావు.

నిజమేమిటో ఒక్కసారి నీ చేత్తో రాయి. వాతావరణం వద్దు.

కజుయే

*

కురాషికి
2 జూన్ 1991

కజూ,

ఇలా పిలవడానికి నాకు ముఖం లేదు. అయినా ఇంకోలా రాయడం చేతకావడం లేదు.

నీ రిపోర్టు జనవరి నెలాఖరులో వచ్చింది. సెనో గారు నన్ను గదిలోకి పిలిచి చదివి వినిపించారు. సెప్టెంబరుకి ఆడగలదేమో, మునుపటిలా ఆడటం ఎప్పటికో చెప్పలేమని అందులో ఉంది. ఆగుతావా, ఆయాబెతో వెళ్తావా, నువ్వే తేల్చుకో అన్నారు. నేను ఆగలేదు. పత్రికలో రాసింది నిజమే, నేనే అడిగాను. ఎవరూ బలవంతం చేయలేదు. వారం గడువిచ్చారు, నేను రెండో రోజునే వెళ్ళి చెప్పాను.

నీకు నేనే చెప్తానని ఆయనకి మాటిచ్చాను. మూడు ఉత్తరాలు రాసి చించేశాను. నీ ఫిబ్రవరి ఉత్తరం వచ్చింది. మీ వదిన తిడుతూ నీ వెనక నడుస్తోందని చదివాక నాలుగోది మొదలుపెట్టలేకపోయాను. కాలు కుదురుకున్నాక చెప్దాంలే అనుకున్నాను. తర్వాత, నువ్వే ఎలాగో తెలుసుకుంటే బాగుండు అనుకున్నాను. అంత పిరికిదాన్ని.

నీ లాకర్ ఖాళీ చేసిన రోజు నేను కావాలని ఒకాయామా వెళ్ళిపోయాను.

ఈ భుజానికి ఇంకొక్క ఏడాదే ఉంది కజూ. డాక్టరు అలాగే చెప్పాడు. ఆ ఏడాదిని నీకోసం దాచి ఉంచితే నీతోపాటు నేనూ ఇంట్లో కూర్చోవాలి. ఇద్దరం పోవడం కంటే ఒకరైనా వెళ్ళడం మేలు కాదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఒకరు నేనే అయినందుకు సంతోషపడ్డాను కూడా. నిజం రాయమన్నావు, ఇదీ నిజం.

ఒక్కటి అడుగుతాను. అడగడానికి సిగ్గుగా ఉంది. నా భుజం సంగతి సెనో గారికి చెప్పకు. ఎవరికీ చెప్పకు. తెలిస్తే ఆ రోజే నన్ను తీసేస్తారు.

మిత్సుయో

*

మురాకామి
10 జూన్ 1991

కునితోమి మిత్సుయో గారికి,

మీ ఉత్తరం అందింది. మిల్లులో ఉద్యోగానికి రాజీనామా పంపాను. మెట్ల కింద ఉన్న నా సామాను మా అన్నయ్య వచ్చి తీసుకెళ్తారు. మీరు కిందికి రానవసరం లేదు.

మీరు అడిగిన సంగతి ఎవరికీ చెప్పను. నేను మాటిస్తే నిలబెట్టుకుంటాను.

హోంమా కజుయే

*

కురాషికి
14 డిసెంబరు 1991

హోంమా కజుయే గారికి,

మీరు నీగాతలో బియ్యపు బిస్కట్ల కంపెనీ జట్టులో చేరారని శరత్కాలంలో విన్నాను. ఏడాది తిరిగేసరికి జాతీయ పోటీల్లో నిలబడతారని మాత్రం అనుకోలేదు. రెండో రౌండులో మా ఎదురుగా మీ పేరు చూసి ఆయాబె సంతోషించింది. మీ ఎదురుగా నిలబడి ఆడాలని దానికి ఎప్పటినుంచో కోరిక.

ఆట ఎలా జరిగిందో మీకు తెలుసు. నా వైపు నుంచి ఎలా ఉందో రాస్తాను.

మొదటి సర్వీసు నెట్ దగ్గర పడింది, తిరిగి ఇచ్చాను. మీరు షటిల్‌ను ఎత్తి నా ఎడమ వెనక మూలకి పంపారు. అనుకోకుండా అటు వెళ్ళిందనుకున్నాను. రెండోదీ అక్కడికే. మూడోదీ. ఆరోది వచ్చేసరికి నాకు తెలిసిపోయింది, మీ ముఖం వంక చూశాను. మీరు రాకెట్ తీగలు సర్దుకుంటున్నారు. తలెత్తలేదు.

మొదటి గేమ్ పదకొండు దాకా చుట్టూ తిరిగి కొట్టాను. రెండో గేమ్ మధ్యలో చెయ్యి తలపైకి లేవడం మానేసింది. ఆయాబె నా మూల కాపాడటానికి పరుగెత్తి వస్తే, అది వదిలిన చోట మీ జంట ఇగరాషి గారు కొట్టేవారు. చివరి పాయింటుకి నేను రాకెట్ ఎత్తలేదు. షటిల్ నా పక్కనే పడింది. ఆయాబె నన్ను చూసి "క్షమించండి" అంది. చాలా నెలల తర్వాత అన్నది మళ్ళీ ఆ రోజే.

సెనో గారు స్టాండ్స్‌లోంచి అంతా చూశారు. ఒక్కటే అడిగారు, "ఎన్నాళ్ళనుంచి?" మర్నాడు మిల్లు డాక్టరు దగ్గర చొక్కా విప్పించారు. ఇక ఏ పోటీకీ నా పేరు వెళ్ళదు. ఆయాబెని వేరే అమ్మాయితో కలిపారు. ఈ వయసులో ఈ మాట రాయడం ఇంత తేలికని తెలియదు: బార్సిలోనా అయిపోయింది.

మీరు ఎవరికీ చెప్పనని రాశారు. ఎవరికీ చెప్పలేదు. మాట నిలబెట్టుకున్నారు.

కునితోమి మిత్సుయో

*

నీగాత
12 ఆగస్టు 1992

మిత్సూ,

"కునితోమి గారికి" అని మొదలుపెట్టి రెండు కాగితాలు పాడుచేశాను. మూడోసారి చెయ్యి దానంతటదే ఇలా రాసింది, ఉండనిచ్చాను.

నీకు ఆపరేషన్ అయిందని సెనో గారు కార్డు రాశారు. ఇప్పుడాయనకి నిజంగానే ఒళ్ళు ముఖ్యమైనట్టుంది. మిల్లు వదిలేశావని, మీ అక్క ఇంట్లో ఉంటున్నావని రాశారు.

పోయిన నెల మా జట్టువాళ్ళంతా భోజనశాలలో టీవీ చుట్టూ చేరి బార్సిలోనా చూశారు. కోర్టు మీద మన వయసు అమ్మాయిలు వంగి నమస్కారం చేస్తుంటే నేను లేచి వచ్చేశాను. గిన్నెలు తోముతానని చెప్పి వెళ్ళి, తోమినవే మళ్ళీ తోముతూ ఉన్నాను. ఇగరాషి వచ్చి పక్కన నిలబడింది. మా డిసెంబరు ఆట గురించి అది ఎనిమిది నెలలుగా నన్ను ఏమీ అడగలేదు. ఆ రోజు అడిగింది. "ఆమె చెయ్యి బాగాలేదని మీకు ముందే తెలుసా?" అంది. ఆటకి ముందు నేను దానికి చెప్పింది ఒక్కటే, ఎడమ వెనక మూలకి ఎత్తి కొట్టమని. ఎందుకో చెప్పలేదు. తెలుసన్నాను. నాకంటే ఆరేళ్ళు చిన్నది. తువాలు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు ప్రాక్టీసుకి వచ్చింది గానీ నన్ను అక్కా అని పిలవలేదు. ఇప్పటికీ పిలవడం లేదు.

నీ ఉత్తరానికి అప్పుడే జవాబు రాయాల్సింది. ఆటలో అవతలివాళ్ళ బలహీనత మీదే ఎవరైనా కొడతారు, అందులో తప్పేముంది అని రాద్దామనుకున్నాను. నువ్వు నాకు చేసినదానికి ఇది చెల్లు అని రాద్దామనుకున్నాను. రెండూ చాలాసార్లు మనసులో చదువుకున్నాను, బాగానే వినిపించాయి. కానీ ఇంకొకటి ఉంది. అది రాయకుండా ఆ రెండూ రాస్తే, నువ్వు ప్లమ్ పూల గురించి రాసిన ఉత్తరంలాంటిదే అవుతుంది.

మొదటి గేమ్ అయిదో పాయింటుకే నాకు ఆయాబె తడబడటం కనిపించింది. దానికి నేనంటే భయమో, గౌరవమో, సర్వీసు అందుకోవడం కూడా రావడం లేదు. ఎవరైనా దానిమీదే ఆడతారు. దానిమీద ఆడితే మేము మామూలుగానే గెలిచేవాళ్ళం. ఇగరాషి అదే అంది కూడా, నా చెవి దగ్గరికొచ్చి, "ఆ చిన్నదాని మీద ఆడదాం" అని. వద్దన్నాను. చెప్పిన మూలకే కొట్టమన్నాను.

నాకు గెలుపు అక్కర్లేదు మిత్సూ. నువ్వు చెయ్యి ఎత్తలేకపోవడం సెనో గారు చూడాలి. అందుకే ఆడాను. తర్వాతి రౌండులో అరగంట కూడా నిలవకుండా ఓడిపోయాం. నేను బాధపడలేదు. అప్పటికే నా పని అయిపోయింది.

నువ్వు నాకు నమ్మి రాసినదాన్ని పట్టుకుని నిన్ను పడగొట్టాను.

కజుయే

*

ఒకాయామా
30 ఆగస్టు 1992

కజూ,

నాకు తెలుసు. ఆయాబె తడబడుతోందని నీకంటే ముందు నేను చూశాను, దాని పక్కనే ఉన్నాను గదా. దాన్ని వదిలేసి నామీదికే ఆడుతున్నావంటే ఎందుకో అప్పుడే అర్థమైంది. నువ్వు రాస్తావో రాయవో అని ఎనిమిది నెలలు చూశాను. రాయవనుకున్నాను.

క్షమించానని రాయను. నువ్వు కూడా నన్ను క్షమించలేదు, ఉత్తరమంతా వెతికినా ఆ మాట లేదు. చాలాకాలం తర్వాత ఇద్దరమూ అబద్ధం రాయలేదు.

ఇగరాషిని విడిచిపెట్టకు. దానికి కోపం వచ్చే హక్కుంది. అక్కా అనకపోయినా నీ పక్కన నిలబడుతోంది.

ఇంకా చాలా రాయాలి. భుజానికి కట్టు ఉంది, చెయ్యి పక్కకి జరగదు. వేళ్ళు మాత్రమే ఆడతాయి. అందుకని పెన్ను ఒక్కచోటే పట్టుకుని, ఎడమ చేత్తో కాగితాన్ని కొంచెం కొంచెంగా జరుపుతూ రాస్తున్నాను. ఈ నాలుగు ముక్కలకే పొద్దుటినుంచి మధ్యాహ్నం అయింది. మా అక్క తను రాసిపెడతానంది. వద్దన్నాను.

మిత్సుయో